కొత్తిమీర రసంతో సీసం పోదు

రెండు వారాలుగా మా బంధువుల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఖరికి పిల్లల స్కూలు గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: రోజూ పరగడుపున కొత్తిమీర రసం 40 రోజులు తాగితే ఒంట్లో చేరిన సీసం, పాదరసం అంతా మూత్రంలో పోతుంది, పెట్రోలులో సీసం తీసేశారు కాబట్టి ఇప్పుడు పెద్దగా భయమూ లేదు, పాత ఇత్తడి గిన్నెల్లో వండుకుంటే ఏ లోహమూ అంటదు, లోహాలు కాల్చి చేసే ఆయుర్వేద భస్మాలు శుద్ధి చేసినవి కాబట్టి చంటిపిల్లలకూ పెట్టొచ్చు, ఒంట్లో సీసం ఉంటే కడుపునొప్పో వాంతులో వస్తాయి, రాకపోతే లేనట్టే.

మా చెల్లెలికి ఇప్పుడు ఏడో నెల. దాని మరిది సీసం ఉండే పాత బ్యాటరీలు విప్పే షెడ్డులో పనిచేస్తాడు, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు, అందుకని డాక్టరమ్మ రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించుకోమంది. ఈ మెసేజ్ చూసి అది పరీక్ష మానేసి రసం మొదలుపెట్టింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ రసం సంగతి. ఇరాన్‌లో సీసం ఎక్కువున్న 3 నుంచి 7 ఏళ్ల పిల్లలకు కొత్తిమీర సారం ఇచ్చి చూశారు, మందు లేని ఉత్తుత్తి మందు తీసుకున్న పిల్లల కంటే వీళ్లలో ఎక్కువేమీ పోలేదు. మరి "మాకు తగ్గింది" అనేవాళ్ల మాట? రక్తంలోని సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల పడుతుంది. కొత్తగా లోపలికి రావడం ఆగితే చాలు, ఏమీ తాగకపోయినా 40 రోజుల్లో అంకె దిగుతుంది, పేరు మాత్రం కొత్తిమీరకు వస్తుంది. పైగా అలా దిగిందంతా బయటికి పోయినట్టు కాదు. శరీరం సీసాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది, పెద్దవాళ్ల ఒంట్లో ఉన్న సీసంలో 90 శాతం పైగా ఉండేది అక్కడే, అదీ పదేళ్లు, ఇరవయ్యేళ్లు. కడుపులో బిడ్డ ఎముకలకు కాల్షియం కావాల్సి వచ్చినప్పుడు తల్లి ఎముకల నుంచి అది కరిగి వస్తుంది, దాంతోపాటు ఎప్పుడో చిన్నప్పుడు చేరిన సీసమూ కదిలి మాయ దాటి బిడ్డకు చేరుతుంది. గర్భిణిని పరీక్ష చేయించుకోమనేది ఇందుకే.

సీసాన్ని బయటికి లాగే మందులు ఉన్నాయి, కానీ అవి ఇంట్లో వాడేవి కావు. పిల్లల విషయంలో డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తంలో 45 మైక్రోగ్రాములు దాటితే డాక్టర్లు ఇస్తారు. 2005లో అమెరికాలో ఒక మందు బదులు అలాంటి పేరే ఉన్న ఇంకో మందు ఎక్కించడంతో రక్తంలో కాల్షియం పడిపోయి పిల్లలు చనిపోయారు.

పెట్రోలు మాట నిజమే. మన దేశంలో 2000లో సీసం కలిపిన పెట్రోలు ఆగింది, అది చాలా పెద్ద మేలు. కానీ ఆ తర్వాత ఇరవయ్యేళ్లకు, 2020లో, యునిసెఫ్, కాలుష్యం మీద పనిచేసే ప్యూర్ ఎర్త్ సంస్థ కలిసి లెక్క వేస్తే మన దేశంలో సుమారు 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకు మించి సీసం ఉందని తేలింది. ఎక్కడి నుంచి వస్తోంది మరి? పాత బ్యాటరీలు కరిగించే చోట్ల నుంచి, పాత గోడలు, కిటికీల మీద పెచ్చులూడే రంగు నుంచి (ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే), మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపిన పసుపు నుంచి, కళ్లకు పెట్టుకునే కొన్ని రకాల సుర్మా నుంచి.

ఇత్తడి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇందులో మన అభిమానం కూడా కలిసి ఉంది. మా అమ్మమ్మ ఇత్తడి గిన్నెలోనే వండేది, కానీ కళాయి పోయిన గిన్నెలో చింతపండు పులుసు ఎన్నడూ పెట్టలేదు, కిలుము పడుతుందని ఆవిడకు తెలుసు. కోయడం, చెక్కడం సులువవుతుందని ఇత్తడిలోనే సీసం కలుపుతారు, కళాయికి వాడే తగరంలోనూ చౌకగా సీసం కలిపేవాళ్లున్నారు, పులుపు తగిలితే అది కూరలోకి దిగుతుంది. హిందాలియం (ఒక రకం అల్యూమినియం మిశ్రమం) కడాయిలదీ ఇదే గొడవ. మన దేశం నుంచి వెళ్లిన అలాంటి కొన్ని పాత్రల నుంచి సీసం దిగుతోందని అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ 2025 ఆగస్టులో హెచ్చరించింది, అక్కడి తెలుగువాళ్లు సూట్‌కేసుల్లో మోసుకెళ్లేవీ ఇవే కదా. వంటకు స్టీలు చాలు.

భస్మాలకొస్తే, నేను ఆయుర్వేదాన్ని తిట్టడం లేదు. 2004లో వెలువడిన ఒక పరిశోధనలో, అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరికే 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో బయటపడింది. 2008లో వెలువడిన ఇంకో పరిశోధనలో, ఆన్‌లైన్‌లో కొన్న 193 మందుల్లోనూ దాదాపు అయిదో వంతులో ఇదే పరిస్థితి. పెద్దవాళ్ల కంటే పిల్లల పేగులు సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటాయి. వాళ్లకు ఇవి పెట్టమని సలహా ఇవ్వడం దారుణం.

చివరిగా లక్షణాల మాట. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛ వచ్చి పడిపోయారు, ఎయిమ్స్ పరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయి, తర్వాత పురుగుమందుల మీదికి అనుమానం మళ్లింది. అప్పటి నుంచి మనవాళ్లలో సీసం అంటే పడిపోవడమే అన్న ముద్ర పడింది. రోజూ కొంచెం కొంచెంగా చేరే సీసం అలా పడగొట్టదు. పిల్లవాడు ఆడుకుంటూనే ఉంటాడు, చదువులో వెనకబడతాడు, కుదురుగా కూర్చోలేడు, పెద్దవాళ్లకైతే బీపీ పెరుగుతుంది. ఇంతలోపు ఉంటే ఏమీ కాదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కడుపునొప్పి వచ్చేదాకా ఆగితే అప్పటికే చాలా ఎక్కువైనట్టు.

చెల్లెలికి ఇదంతా ఫోన్లో చెప్పాను. మరిది షెడ్డు దగ్గరే స్నానం చేసి బట్టలు మార్చుకుని రావాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి, ఇల్లు చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది కాబట్టి తడిగుడ్డతో తుడవాలి, డాక్టరమ్మ రాసిన ఐరన్, కాల్షియం మాత్రలు మానకూడదు, అవి తక్కువైతే సీసం ఇంకా ఎక్కువ ఒంటబడుతుంది. సోమవారం అదీ, మరిదీ ఇద్దరూ రక్తం ఇవ్వడానికి వెళ్తున్నారు.