పాఠం చెబుతూ పట్టుబడ్డ మాస్టారు

ఈ విషయం బయటపెట్టాలా వద్దా అని నెల రోజులు ఆలోచించాను. ఊరి పరువు సంగతి, ఒక ప్రభుత్వ ఉద్యోగి సర్వీసు సంగతి. అయినా పౌరుడన్నాక కొన్ని బాధ్యతలుంటాయి కదా, చెప్పక తప్పదు. మా ఊరి ఎలిమెంటరీ స్కూలు మాస్టారు పనివేళల్లో పాఠం చెబుతున్నారు. ఎవరో చెప్పిన మాట కాదు, నా కళ్లారా చూశాను. గురువారం, పదకొండు దాటింది. కిటికీలోంచి తొంగి చూస్తే బోర్డు మీద భాగహారం ఉంది. ఇంకా దారుణం, పిల్లలు వింటున్నారు.

ఏదో ఒక్కరోజు పొరపాటులే అని సరిపెట్టుకున్నాను. మర్నాడు వెళ్తే మళ్లీ అదే వరస. అడిగితే "సర్వర్ డౌన్ అయిందండీ, ఖాళీ దొరికింది" అన్నారు. సర్వర్ డౌన్ అయితే అది లేచేదాకా ఎదురుచూడాలి గానీ, సందు దొరికింది కదా అని పాఠం మొదలెడతారా?

ఆయన అసలు ఉద్యోగం ఏమిటో తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి కాస్త చెబుతాను. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఫోన్‌కి ముఖం చూపించి హాజరు వేసుకునే పద్ధతి వచ్చింది. అప్పట్నుంచి మాస్టారికీ బడి వెనక వేపచెట్టుకీ మంచి స్నేహం. మా ఊళ్లో సిగ్నల్ దొరికేది దాని కిందే. వానొస్తే గొడుగేసుకుని నిలబడి, తొమ్మిదయ్యేలోపు ఫోన్ వైపు చూసి నవ్వుతారు. ఫోన్ ఒక్కోరోజు ఈయన్ని గుర్తుపట్టదు. పిల్లలైతే చెరువుగట్టు మీద వస్తుండగానే నడక చూసి గుర్తుపడతారు. కానీ పిల్లల గుర్తింపు పైఆఫీసుకి అప్‌లోడ్ అవదు.

తర్వాత పిల్లల హాజరు. తర్వాత భోజనాల లెక్క: తలకి వంద గ్రాముల బియ్యం, గుడ్లు ఎన్నొచ్చాయి, ఎన్ని పగిలాయి, చిక్కీ ఎంత, రాగిజావ ఎంత. కొంతకాలం మరుగుదొడ్ల ఫోటోలు కూడా మాస్టార్లే తీసి పంపారు. ఆ రోజుల్లో ఓసారి ఆయన ఫోన్ నా చేతికొచ్చింది. ఇంట్లోవాళ్ల ఫోటోలు మూడున్నాయి, మరుగుదొడ్డివి మూడొందలు. అంత నిబద్ధతతో పనిచేసిన మనిషి ఇలా భాగహారంలోకి దిగజారడం చూస్తే మనసు కలుక్కుమంటుంది.

పాఠం చెప్పడం నేరమని నేననడం లేదు. చట్టం కూడా అనదు. పైగా 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లను చదువు కాని పనులకు వాడకూడదంటుంది. ఎంత గట్టిగా అంటుందంటే, పదేళ్లకోసారి జనగణన, విపత్తు సహాయం, స్థానిక సంస్థల నుంచి పార్లమెంటు దాకా ఎన్నికలు, ఇవి తప్ప ఇంకేదీ కుదరదంటుంది. మన దగ్గర ఈ మూడూ లేని రోజు వచ్చినప్పుడు టీచర్లు నిరభ్యంతరంగా పాఠం చెప్పుకోవచ్చు. ఎవరూ అడ్డుపడరు.

2020 మేలో కరోనా మధ్య మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో కొందరు టీచర్లను ఆ క్యూల దగ్గర డ్యూటీకి వేశారు. దేశమంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఒకటో తరగతి పిల్లల్ని తోసుకోకుండా లైన్లో నిలబెట్టిన అనుభవం ఈ రాష్ట్రంలో ఇంకే శాఖకుంది?

మా మాస్టారికి బీఎల్వో, అంటే బూత్ లెవెల్ ఆఫీసర్ పని కూడా ఉంది. ఓటర్ల జాబితా చేతపట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. పద్దెనిమిదేళ్లు నిండినవాడికి ఫారం 6, చనిపోయినవాళ్లకి ఫారం 7, పేరులో అచ్చుతప్పు పడినవాళ్లకి ఫారం 8. తన దగ్గర ఓనమాలు దిద్దినవాడిని ఆయనే ఓటరుగా చేర్చారు, అదే వారంలో వాడి తాత పేరు ఆయనే తీయించారు. ఫారం 8 మాత్రం ఆయనకి కాస్త ఇబ్బందే. ఎవరింటికెళ్లినా అచ్చుతప్పు కనబడగానే ఎర్రపెన్ను తీస్తారు, ఎంతైనా పాత అలవాటు.

బతకలేక బడిపంతులు అని మన పెద్దలనేవారు. ఇప్పుడు జీతాలు ఫర్వాలేదు కాబట్టి ఆ సామెత చెల్లదు. బడిలో ఉండలేక బడిపంతులు అని మార్చుకుంటే సరిపోతుంది.

ఇక టీచర్లు చాలడం లేదని కొందరు గొణుగుతుంటారు. లెక్క చూసుకుంటే అంతా సక్రమంగానే ఉంది. 60 మంది పిల్లల వరకూ ఇద్దరు టీచర్లుండాలని చట్టం. మా బడిలో 34 మంది, టీచర్లు ఇద్దరు. తరగతులు మాత్రం అయిదు. అయిదుని రెండుతో భాగిస్తే పిల్లలకి చుక్కలు కనబడతాయని పైవాళ్లే గ్రహించినట్టున్నారు. రెండో టీచరమ్మని, అసలు టీచరే లేని పక్క ఊరి బడికి డిప్యుటేషన్ మీద పంపేశారు. ఇప్పుడు లెక్క తేలికైపోయింది. అయిదుని ఒకటితో భాగిస్తే అయిదే, శేషం కూడా మిగలదు.

పని కనబడితే ఊరుకోలేని ఈ జబ్బు ఆయనకి ఎక్కడ అంటుకుందా అని ఆరా తీశాను. డిగ్రీలో ఎన్ఎస్ఎస్, అంటే జాతీయ సేవా పథకం వాలంటీరట. వాలంటీర్ అనగానే మావైపు జనానికి 2019లో వచ్చిన గ్రామ వాలంటీర్లు గుర్తొస్తారు, యాభై ఇళ్లకొకరు, నెలకి అయిదు వేలు. ఇది ఆ రకం కాదు, ఏమీ ఇవ్వని రకం. గాంధీగారి శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. రెండేళ్లలో 240 గంటలు సేవ చేస్తే సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తారు. మామూలు మనిషికి 241వ గంటకి నయమైపోతుంది. ఈయనకి కాలేదు. ఆ బ్యాడ్జీ ఇప్పటికీ దాచుకున్నారు. దాని మీద కోణార్క రథచక్రం ఉంటుంది, దానికి ఎనిమిది ఆకులు. ఎనిమిది జాములూ, అంటే 24 గంటలూ సేవకి సిద్ధమని అర్థమట. ఆ అర్థం ఎవరికీ చెప్పకుండా ఉండాల్సింది. చెప్పారు. అదిగో అప్పట్నుంచి ఊరు ఊరంతా రాత్రి పదింటికి కూడా ఆధార్ కార్డు పట్టుకుని వాళ్ల గుమ్మం ఎక్కుతోంది.

ఆ సంస్థ నినాదం "నాట్ మీ, బట్ యూ". నేను కాదు, మీరు. ఇంత గొప్ప మాటని మా ఊరు ఒక్కసారి వినగానే ఒప్పుకుంది. చెరువుగట్టు మీద ముళ్లకంపలు కొట్టాలంటే, మేం కాదు, మీరే. రక్తదానానికి కుర్రాళ్లని పోగెయ్యాలంటే మీరే. సంఘం ఆఫీసు పక్కన పాడుబడ్డ గదిలో లైబ్రరీ పెట్టాలంటే అదీ మీరే. ప్రభుత్వం కూడా ఆ నినాదాన్ని మాలాగే అర్థం చేసుకుంది. ఖర్చు లేకుండా నడిచే పథకం ఒకటి దొరికితే ఎవరు మాత్రం వదులుకుంటారు?

ఈయన వల్ల నాకు స్వయంగా జరిగిన నష్టం కూడా రాయాలి. మా పెద్దవాడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పరిగెత్తాలి. మాస్టారు తెల్లారగట్ల అయిదింటికి ఊళ్లో కుర్రాళ్లందర్నీ గట్టు మీదకి తోలి, చేతిగడియారం చూస్తూ నిలబడతారు. మావాడు పది నిమిషాల నుంచి ఎనిమిదీ పదికి వచ్చాడు. బాగానే ఉంది, కానీ నాలుగున్నరకి అలారం మోగుతుంది. ఇంటిల్లిపాదీ నిద్ర పోయింది. దీని గురించి ఏ ఫారం నింపాలో ఆయన్నే అడగాలి.

మా చిన్నది పసుపు బస్సులో టౌను స్కూలుకి వెళ్తుంది. మాస్టారి మీద గౌరవం లేక కాదు. ఆయనంటే ప్రాణం. ప్రాణం వేరు, ఇంగ్లీషు మీడియం వేరు అనుకుని పంపాం. ఈలోగా బడిలోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది, అప్పటికే బస్సుకి కట్టేశాం. అక్కడ అన్నీ నేర్పుతున్నారు, ఎక్కాలు తప్ప. అందుకని సాయంత్రాలు మాస్టారి అరుగు మీద కూర్చుంటుంది. టీచర్లు ట్యూషన్ చెప్పకూడదని అదే చట్టం 28వ సెక్షన్ అంటుంది. డబ్బు తీసుకుంటే పట్టించేవాణ్ణి, రూపాయి ముట్టరు. అయినా చట్టం చట్టమే. ఫిర్యాదు రాసి జేబులో పెట్టుకున్నాను. అమ్మాయికి పదిహేడో ఎక్కం నడుస్తోంది. ఇరవై అయ్యాక పంపుతాను.

అవార్డేమైనా ఇప్పిద్దామంటే ఆయనా సహకరించరు. జాతీయ అవార్డుకి 2018 నుంచి టీచరే ఆన్‌లైన్లో తన పేరు తానే పెట్టుకోవాలి. తన గొప్పలు తానే రాసి, ఫోటోలు ఎక్కించాలి. ఆ ఫోన్లో ఏ ఫోటోలున్నాయో చెప్పాను కదా.

అందుకే ఊరి తరఫున ఏటా సెప్టెంబరు 5న శాలువా కప్పుతాం. గురుబ్రహ్మ శ్లోకం చదువుతాం, రాధాకృష్ణన్‌గారి ఫోటోకి దండేస్తాం, అందరం ఉపన్యాసాలిస్తాం. ఆరోజూ పాఠం ఉండదు, అది వేరే సంగతి. ఇప్పటికి పదకొండు శాలువాలు కప్పాం. ఒక్కటీ ఆయన భుజం మీద రెండోసారి చూడలేదు. ఏం చేస్తున్నాడీ మనిషి, అమ్ముకుంటున్నాడా అని నాకో అనుమానం. కిటికీలోంచి తొంగి చూడ్డానికి అసలు కారణం అదే.

చూశాను. ఒకటే గది. మధ్యలో తీగ కట్టి, శాలువాలన్నీ వరసగా కలిపి కుట్టి వేలాడదీశారు. ఇటు ఒకటీ రెండూ తరగతులు, అటు మూడు నుంచి అయిదు. జరీ అంచులు గాలికి ఊగుతున్నాయి. పోయినేడు నేను కప్పింది చివర నుంచి రెండోది. ఆ రోజు వేదిక మీద "ఖరీదైనది" అని మైకులో చెప్పించాను గానీ, నిజానికి రెండొందల యాభై.

నన్ను చూసి సుద్దముక్క పట్టుకునే బయటికొచ్చారు. గోడకీ తెరకీ మధ్య ఖాళీని జానతో కొలిచి చూపించారు.

"ఇంకా రెండడుగులు తక్కువైందండీ. ఈసారి కాస్త వెడల్పుది చూడండి."