బెంచీ పీకి శాలువా కప్పాం

మా కాలనీలో వృద్ధుల ఒంటరితనం అనే సమస్య పూర్తిగా పరిష్కారమైపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అక్టోబరు 1న ఉదయం పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా పరిష్కరించేశాం. ముఖ్య అతిథి పన్నెండున్నరకి వచ్చారు గానీ, లేకపోతే పదిన్నరకే అయిపోవలసిన పని.

ఆ తేదీని వృద్ధుల దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 1990లో ప్రకటించింది. పాపం వాళ్లకు శాలువాల సంగతి తెలియదు. మా అసోసియేషన్‌కి తెలుసు. పెద్దలు పద్దెనిమిది మంది, శాలువాలు ఆరు. కప్పడం, ఫొటో, "ఒక్క నిమిషం మాస్టారూ" అంటూ లాగేయడం, పక్కాయనకు కప్పడం. మా పక్కింటి మాస్టారు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. అంచు మీద కుంకుమ మరక చూసి, "ఇది ఇందాక రెండో వరసలో తిరిగిందే!" అన్నారు. ఆయనకు కాస్త చెవుడు, ఏమన్నా ఊరందరికీ వినపడుతుంది. తర్వాత ముప్పై నాలుగేళ్ల మోటివేషన్ కుర్రాడు ముసలితనాన్ని ఎంజాయ్ చేయడమెలాగో నలభై నిమిషాలు చెప్పాడు. ఒంటరిగా అనిపిస్తే అద్దంలో చూసుకుని నవ్వాలట. మధ్యలో ఒక మామ్మగారు చెయ్యెత్తితే "ప్రశ్నలు చివర్లో అమ్మా" అన్నాడు. ఆవిడ బాత్రూమ్ ఎటని అడగబోయింది. చివర్లో జనగణమన పాడేశారు.

ఇంతకీ సభ ఎక్కడ జరిగిందంటారా? వేపచెట్టు పక్కన, పార్కింగ్‌లో. మొన్న జూన్ దాకా అక్కడ సిమెంటు బెంచీ ఉండేది. ఎవరో మహానుభావుడు తండ్రిగారి జ్ఞాపకార్థం వేయించాడు. జనం కూర్చుని కూర్చుని ఆ పేరు సగం అరిగిపోయింది. పొద్దున పాలప్యాకెట్టుకి వెళ్లినవాళ్లు అక్కడ ఆగి తొమ్మిదింటికి ఇల్లు చేరేవారు. బీపీ మాత్రల రేట్లు, డాలస్ మనవడికి తెలుగు రాకపోవడం, 2020 మార్చిలో రైల్వేవాళ్లు ఎత్తేసిన రాయితీ, అన్నీ అక్కడే తేలేవి, అంటే తేలేవి కావు, మర్నాటికి వాయిదా పడేవి. ఆ బెంచీని పీకేసి రెండు కార్లకు చోటు చేశారు. తీర్మానంలో రాసిన కారణం: "అపరిచితులు గుమికూడుచున్నందున." పదిహేనేళ్లుగా రోజూ కూర్చున్న అపరిచితులు!

బదులుగా పెద్దల కోసం వాట్సాప్ గ్రూప్ పెట్టారు. అందులో అడ్మిన్లు మాత్రమే రాయగలరు.

ఆ బెంచీ మీద చివరన ఒదిగి కూర్చునే ఇస్త్రీబండి మామ్మను సన్మానానికి పిలవలేదు, కాలనీ మనిషి కాదుగా. ఆ రోజు ఒకటో తారీఖు కూడా. సచివాలయం అమ్మాయి పెన్షన్ నాలుగు వేలు ఇంటికి తెచ్చిచ్చింది. మామ్మ వేలిముద్ర ఓ పట్టాన పడదు, ఇస్త్రీపెట్టెకి అరిగిపోయింది. నాలుగైదుసార్లు వేలు తుడిచి, పట్టుకుని నొక్కాలి. "పడకపోతేనే బాగుంటదయ్యా, ఇంకాసేపు ఉంటది" అంది నాతో. నెలంతా కలిపి ఆ ముసలిదాని చెయ్యి పట్టుకునేది ఒక్క ఆ వేలిముద్ర కోసమేనయ్యా! తల్లిదండ్రుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టం పిల్లల చేత తిండి, బట్ట, నీడ, వైద్యం ఇప్పించగలదు, నెలకు పదివేలు మించకుండా. పక్కన కూర్చోబెట్టలేదు. ఆ పనిని పైసా ఖర్చు లేకుండా ఒక సిమెంటు దిమ్మ చేస్తుంటే, దాన్ని గడ్డపారతో పొడిచి, అదే చోట టెంటు వేసి, మైకులో "పెద్దలే మా సంపద" అని అరవడానికి సిగ్గుండాలి. రెండు కార్ల కోసం! అందులో ఒకటి నెలకోసారి కూడా కదలదు, దానికి మాత్రం కవరు కప్పే ఉంచుతారు.

మొన్న సోమవారం మాస్టారు ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని వేపచెట్టు కింద వేసుకున్నారు. సాయంత్రానికి గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది: "కామన్ ఏరియాలో కుర్చీలు వేయరాదు. వెంటనే తొలగించగలరు." ఫొటో కూడా పెట్టారు. కుర్చీ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టారు. మాస్టారు కూడా ఆ సున్నాలోనే ఉన్నారు.