శనివారం రాత్రి ఫలహారం గారికి ఒక భక్తుని విన్నపం

మహారాజశ్రీ శనివారం రాత్రి ఫలహారం గారికి, పాతికేళ్ళుగా తమ పళ్ళెం ముందు కూర్చుంటున్న భక్తుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, తమరు కుశలంగా ఉన్నా నా క్షేమం అంతంతమాత్రమేనని గత నెల వచ్చిన రక్తపరీక్ష కాగితం చెబుతోంది కనుక ఆ మాటలో సగమే రాస్తున్నాను.

పరగడుపు చక్కెర 118, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 6.1, నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. మన దేశపు మగవారికి 90 దాటితేనే జాగ్రత్తపడాలట. డాక్టరుగారు కాగితం పక్కన పెట్టి నా మెడ వెనుక భాగం చూశారు. అక్కడి నలుపును నేను పదేళ్ళుగా పీచుతో రుద్దుతున్నాను. అది మురికి కాదనీ, రక్తంలోని చక్కెరను ఒంటికి అందించే ఇన్సులిన్ మాట ఒళ్ళు వినడం మానేసిందని చర్మం పెట్టిన గుర్తనీ ఆయన చెప్పారు. క్లోమం ఇన్సులిన్‌ను తయారు చేస్తూనే ఉందట. కాలేయమూ కండరాలూ ఆలకించకపోవడంతో ఇంకాస్త, ఇంకాస్త అంటూ ఎక్కువ చేస్తోందట. చెవిటివాడి ముందు శంఖం ఊదడమన్న మాట నేను ఇతరుల గురించి చాలాసార్లు వాడాను గానీ, అది నా కడుపులోనే జరుగుతోందని ఊహించలేదు. ఊదీ ఊదీ క్లోమం అలిసిపోతే ఆ అలసటకే మధుమేహమని పేరట.

అప్పుడు నేను కాస్త గర్వంగానే, ప్రతి శనివారం వేంకటేశ్వరస్వామికి ఒంటిపూట ఉంటానని మనవి చేశాను. ఆయన ఎంతో భక్తిగా తలూపి, "మరి రాత్రికి ఏం తింటారు?" అని అడిగారు. తమ పేరు బయటికి వచ్చింది అక్కడే.

ఒంటిపూట అంటే ఒక పూటే భోజనం. రెండో పూట ఖాళీగా ఉంటేనే దానికా పేరు నిలుస్తుంది. ఆ ఖాళీలోకి తమరు ఎప్పుడు అడుగుపెట్టారో తెలియదు గానీ, నాకు ఊహ తెలిసేసరికే మా ఇంట్లో చట్టం స్థిరపడి ఉంది: శనివారం రాత్రి అన్నం ముట్టకూడదు. ఇడ్లీ బియ్యపురవ్వతోనూ దోశ బియ్యంతోనూ తయారవుతాయని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా మెతుకు కంటికి కనబడనంతవరకు స్వామికి అభ్యంతరం ఉండదని స్వామి తరఫున మేమే తీర్పు చెప్పుకున్నాం. మామూలు రోజు రాత్రి రెండు గరిటెల అన్నంలో పప్పూ కూరా మజ్జిగా కలుపుకుని లేచిపోయే మనిషిని, శనివారం వచ్చేసరికి నాలుగు దోశలు, వాటి మధ్యన బంగాళాదుంప కూర, ఆపైన "అసలే ఒంటిపూట, నీరసం వస్తుంది" అంటూ మా ఆవిడ అందించే అరటిపండూ చక్కెర కలిపిన పాలూ సేవించి, త్యాగం చేసిన తృప్తితో తేన్చేవాణ్ణి. ఉపవాసమంటే దగ్గరగా నివసించడమని పెద్దలు అర్థం చెబుతారు. నివసించాను, కాకపోతే వంటింటికి.

తమ బంధువర్గమూ తక్కువది కాదు. ఏకాదశి నాడు వేంచేసే సగ్గుబియ్యం ఉప్మా పేరులో బియ్యం ఉన్నా అది బియ్యం కాదని మా అత్తగారు ఏటా వివరిస్తారు. నిజమే, అది కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండి. మా సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల మిల్లులు చేసేది దాన్నే. వంద గ్రాముల సగ్గుబియ్యంలో 85 గ్రాములకు పైగా పిండిపదార్థమే, మాంసకృత్తులు ఒక్క గ్రామైనా ఉండవు. బియ్యంలో కనీసం ఆరేడు గ్రాములుంటాయి. ఇక పెసరట్టు నిజానికి సజ్జనురాలు. అయితే దాని కడుపులో ఉప్మా కుక్కి ఎమ్మెల్యే అని పదవి ఇచ్చాక దాని స్వభావమూ మారిపోయింది.

అసలు వ్రతం మీద నాకు ఫిర్యాదు లేదు. మా నాయనమ్మ కార్తిక సోమవారం చుక్క చూసి తినేది. కార్తికంలో చుక్క ఆరు దాటగానే కనబడుతుంది. అప్పుడు తినే ఆ ఒక్క పూట తరువాత మరునాటి ఉదయం దాకా నోరు కట్టేసుకునేది. రాత్రి పెందలాడే తినమని డాక్టరుగారు నాకు రాసిచ్చిన సలహాను ఆమె చీటీ లేకుండానే పాటించింది. మనం కలుసుకునేది మాత్రం తొమ్మిదిన్నరకు, టీవీ సీరియల్ ముగిశాక. శ్రీరామనవమి వడపప్పు చూడండి: నానిన పెసరపప్పు, మామిడికాయ తురుము, కొబ్బరి, పొయ్యి వెలిగించే పనే లేదు. పక్కనున్న పానకం సంగతి ఇప్పుడెత్తను. బెల్లం కూడా చక్కెరలాంటిదేనని చెప్పినందుకు మా అత్తగారు డాక్టరుగారి చదువునే అనుమానించారు. ఆంజనేయుడి గుడిలో ప్రదక్షిణలున్నాయి. నడిచే కాళ్ళ కండరాలు ఇన్సులిన్ సిఫారసు లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటాయట. అతిగా తినేవాడికీ బొత్తిగా తిననివాడికీ కూడా యోగం కుదరదని భగవద్గీత ఆరో అధ్యాయం చెబుతుంది. మొదటి సగం నా కోసమే అనుకుంటాను.

రెండో సగం మా పెద్దక్క కోసం. ఆమె ఇన్సులిన్ సూది వేసుకుని, కార్తిక సోమవారం పచ్చి మంచినీళ్ళైనా ముట్టక, సాయంత్రానికి చెమటలు పట్టి తులసికోట దగ్గర కూలబడింది. సూదులూ కొన్ని రకాల మాత్రలూ వాడేవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోతుందనీ, ఉపవాసానికి ముందే మోతాదు గురించి అడిగి ఉండాల్సిందనీ ఆమె డాక్టరు మందలించారు. ఆ సాయంత్రం మాత్రం చక్కెర నీళ్ళే ఆమెకు తీర్థమయ్యాయి.

కనుక నా విన్నపం ఇది. ఇకపై తమరు ఏడు గంటలలోపే దయచేయండి. ఒక పెసరట్టు, పదవి లేనిది, అల్లం పచ్చడితో. లేదా వడపప్పు, ఒక గ్లాసు మజ్జిగ. బంగాళాదుంపను ఇంటి దగ్గరే వదిలి రండి. ఆ తరువాత గుడికి నేను నడిచే వెళ్తాను. స్కూటరు తాళం మా ఆవిడ దాచేసింది. మొదటి శనివారం పదకొండో ప్రదక్షిణకే ఆయాసం వచ్చింది, ఇప్పుడు ఇరవై ఏడు దాకా తిరుగుతున్నాను. రక్తపరీక్ష మళ్ళీ రెండు నెలల తరువాత. స్వామిని నేను అడిగేది ఫలితం కాదు, పొరుగింటి వారి నేతి పోపు వాసన వచ్చినప్పుడు కాస్త నిబ్బరం.

ఇట్లు,
తమ పాత భక్తుడు

తా.క. గుడిలో తీర్థాన్ని ఉద్ధరిణెతో కొలిచి పోస్తే రెండు చేతులూ పట్టి కళ్ళకద్దుకుంటాం, చెంబుతో పొయ్యమని ఎవరూ అడగరు. అదే పులిహోర దగ్గరికి వచ్చేసరికి రెండో దొప్ప కోసం మళ్ళీ వరుసలో నిలబడే వ్యక్తి మొన్నటిదాకా నేనే. తిరుపతి నుంచి మరదలు తెచ్చిన లడ్డూ ప్రస్తుతం ఫ్రిజ్‌లో ఉంది. రోజూ చిటికెడు చొప్పున ఆరు రోజులైంది. ఏడో నాడు అది సగానికి తగ్గింది. విచారణ సాగుతోంది, అనుమానం అత్తగారి మీద.