అణాకో కాటు

సంక్రాంతి వెళ్లిన రెండో వారంలో, ఒక రాత్రి పదకొండున్నరకి, మా పడకగదిలో దోమల మిషన్ మీద దోమ వాలింది. మిషన్ పక్కన కాదు, మిషన్ పెట్టిన గోడ మీదా కాదు. సరిగ్గా మిషన్ నెత్తిన, ఆవిరి వచ్చే చిల్లుకి అరంగుళం దూరంలో. ఎర్ర లైటు వెలుగుతోంది. బటన్ రెండో గీత మీద ఉంది. సీసాలో మందు సగానికి పైనే ఉంది. ఇవన్నీ ముందే ఎందుకు చెబుతున్నానంటే, "మీరు బటన్ సరిగ్గా తిప్పలేదేమో సార్" అనే పాఠకులు నాకు బోలెడుమంది.

ఈ సంఘటనను తేలిగ్గా తీసుకోవద్దని మనవి. ఆ మిషన్ వెనక నూట ముప్పై ఏళ్లకు పైబడిన కర్బన రసాయన శాస్త్రం ఉంది. మొదట్లో అది ఒక పువ్వు. యూరప్‌లోని డాల్మేషియా వైపు పెరిగే చామంతి జాతి తెల్లపూలను ఎండబెట్టి దంచితే ఆ పొడికి పురుగులు చస్తాయి. జపాన్‌లో ఎయిచిరో ఉయేయామా అనే వ్యాపారి ఆ పొడితో 1890లో దోమల బత్తి చేశాడు. ముప్పావుగంటకే కాలిపోయేది. పొడుగ్గా ఎందుకు, పాము చుట్టలా చుట్టమని వాళ్లావిడ యూకీ సలహా ఇచ్చింది. చుడితే రాత్రంతా కాలింది. ప్రపంచంలోని దోమల కాయిల్ మొత్తం ఒక మొగుడు పెళ్లాం మాట వినడం వల్ల పుట్టిందన్నది మా ఆవిడ ప్రత్యేకంగా రాయమన్న విషయం.

తరవాత కెమిస్టులు, ఇంకా పూలేరుకోవడం దేనికని, పువ్వులోని మందులాంటి అణువునే ప్రయోగశాలలో తయారుచేశారు. 1949లో అమెరికాలో షెక్టర్ బృందం చేసిన అల్లెథ్రిన్ అలా వచ్చిందే. దానికి మనవడి వరసయ్యే ట్రాన్స్‌ఫ్లూత్రిన్ నా సీసాలో ఉంది. లేబుల్ ప్రకారం 1.6 శాతం. మిగతాదంతా కిరోసిన్ వంశపు నూనె, కాస్త సువాసన. ఒత్తి నూనెను పైకి లాగుతుంది, హీటర్ దాన్ని ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరి దోమ నరాల్లో సోడియం వెళ్లే తలుపులు తెరిచి మళ్లీ మూసుకోనివ్వదు. దోమ గిలగిలా కొట్టుకుని కిందపడాలి. ఇంగ్లీషు పుస్తకాల్లో అలాగే రాసుంది. మా దోమది తెలుగు మీడియం కాబోలు.

"చూస్తూ ఉండండి, ఇప్పుడు పడుతుంది" అంది మా ఆవిడ. చూశాం. పావుగంటైంది. దోమ వెనక కాళ్లు రెండూ గాల్లోకి లేపి, కాస్త సర్దుకుని కూర్చుంది. మంచినీళ్లకని లేచిన మా అత్తగారు కూడా వచ్చి నిలబడి, కళ్లజోడు పెట్టుకుని మరీ పరిశీలించారు. "చలికి వెచ్చగా ఉన్నట్టుందే దానికి" అన్నారు. ఇంకో పావుగంటకి అది లేచింది. గెలిచామనుకున్నాం. తిన్నగా వచ్చి నా చీలమండ మీద వాలి, తీరిగ్గా కుట్టి, వచ్చిన దారినే వెళ్లి మళ్లీ మిషన్ మీదే చేరింది. భోంచేసి అరుగెక్కి తమలపాకుకి సున్నం రాసుకునే పెద్దమనిషిలా ఉంది వాలకం. పొట్ట ఎర్రగా మెరుస్తోంది. ఆ ఎరుపు నాది.

బ్యాట్ తీశాను. "మిషన్ పగులుతుంది, మొన్నేగా కొత్త రీఫిల్ పెట్టింది!" అని మా ఆవిడ అరిచింది. నిజమే. దోమ నుంచి నన్ను కాపాడాల్సిన మిషన్ నా నుంచి దోమకి జడ్ కేటగిరీ భద్రత ఇస్తోంది.

మర్నాడు కిరాణా కొట్లో చెబితే షావుకారు నవ్వాడు. "అది పాత మందు సార్, ఇప్పుడు కొత్తది వచ్చింది" అన్నాడు. వాడి మాట అబద్ధం కాదు. 2024లో మన దేశంలోనే రెనోఫ్లూత్రిన్ అని కొత్త అణువును తయారుచేసి మార్కెట్లోకి తెచ్చారు. వాడగా వాడగా కొన్ని దోమల్లో ఆ సోడియం తలుపు ఆకారమే మారిపోతుంది. మందు పనిచేయదు. అప్పుడు కొత్త మందు. దానికీ అలవాటుపడితే ఇంకోటి. ఈలోగా వాడి అలమరలో కాయిల్, బిళ్ల, సీసా, స్ప్రే, ఒంటికి రాసుకునే క్రీము, పిల్లల చొక్కాకి అంటించే స్టిక్కరు, ఏ మందు కలిపారో పెట్టె మీద ముక్క రాయని అగరుబత్తీలు. దోమ ఒక్కటే, దాని పేరు చెప్పి బతికేవాళ్లు ఎందరో!

మలేరియా పాపం దోమదని లోకానికి తెలిసింది మన గడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగికి దోమల చేత కుట్టించుకున్నందుకు కాటుకి అణా చొప్పున ఇచ్చాడు. నేను లెక్కేశాను. రాత్రికి నలభై కాట్లు, అంటే రెండున్నర రూపాయలు. ఏడాదికి 912 రూపాయల 8 అణాలు. ధరల పెరుగుదల కలపలేదు.

మందునే నమ్ముకోవడం మనకి కొత్తేం కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మలేరియా కేసులని అంచనా. డీడీటీ కొట్టి 1965 నాటికి లక్షకి దించారు. ఇంకేముంది, అయిపోయిందని చేతులు దులుపుకున్నారు. 1976కి మళ్లీ 64 లక్షలు. అయినా మనకి పేర్లు పెట్టడం బాగా వచ్చు. ఆంధ్రాలో 2016లో "దోమలపై దండయాత్ర" అన్నారు. ఆ యుద్ధం ఎవరు గెలిచారో ఇంతవరకూ గెజిట్‌లో వేయలేదు. తెలంగాణలో 2020లో ప్రతి ఆదివారం పదింటికి పది నిమిషాలు ఇంట్లో నిలవనీళ్లు పారబోయమన్నారు. దోమలకి ఆదివారం సెలవు లేదని ఎవరికీ గుర్తు రాలేదు.

మా వీధికి మాత్రం పొగ బండి వస్తుంది. డీజిల్‌లో మందు కలిపి బుసబుసా వదులుకుంటూ వెళ్తుంది. పిల్లలు వెనక పరుగెడతారు. ఎగురుతున్న దోమల్లో కొన్ని పడతాయి. కాలవలో ఈదుతున్న వాటి పిల్లలకి అసలు బండి వచ్చిన సంగతే తెలియదు.

మా ఇంటికి రోడ్డవతల అపార్ట్‌మెంటు కోసం సెల్లార్ తవ్వి వదిలేశారు. పదడుగుల గుంత, ఏడాదిగా ఊటనీళ్లు. డెంగీ దోమకి కావలసింది ఇలాంటి తేటనీళ్లే. అది కుట్టేది పగలు. రాత్రి నేను పెట్టుకునే మిషన్‌తో దానికి పనే లేదు. గుంత పక్కన రేకుల షెడ్డులో కాపలావాళ్ల కుటుంబం ఉంటుంది. కిటికీ లేదు, జాలీ లేదు, ప్లగ్గు లేదు. తలుపు మూసి కాయిల్ వెలిగించుకుంటారు. ఒక కాయిల్ కాలితే 75 నుంచి 137 సిగరెట్లు వదిలేంత సన్నటి పొగరేణువులు గాల్లో కలుస్తాయని 2003లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఆ షెడ్డులో మూడేళ్ల పిల్ల ఉంది. రాత్రంతా ఆ పొగ పీలుస్తుంది, తెల్లారి గుంత గట్టున ఆడుకుంటుంది. పోయిన వానాకాలం దానికి డెంగీ. ప్లేట్‌లెట్లు పడిపోతే వీధివాళ్లం చందాలేసుకున్నాం. వారం తరవాత మున్సిపాలిటీ ఉద్యోగి వచ్చాడు. ఎవరింటికనుకున్నారు? మా ఇంటికి! తులసికోట కింద పళ్లెంలో పావు గ్లాసు నీళ్లున్నాయని కేకలేసి, ఫోటో తీసుకుని, కరపత్రం చేతిలో పెట్టి వెళ్లాడు. తులసి పళ్లెం కనపడ్డ కంటికి రోడ్డవతల చెరువు కనపడదా? ఆ గుంత ఎవడిదో తెలియకనా నోటీసివ్వంది? తెలిసే కదా! పిల్ల ప్రాణం మీదికొచ్చినా కదలనివాళ్లు మాకు పరిశుభ్రత నేర్పుతారా?

క్షమించాలి. దోమ గురించి రాస్తున్నాను కదూ.

మొన్న సోమవారం నా బిల్లు రాసుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాను. రాత్రికి నలభై కాట్లు, కాటుకి అణా, పాత లెక్క ప్రకారం 912 రూపాయల 8 అణాలు. గుంత ఫోటో కూడా జత చేశాను. కౌంటర్‌లో గుమాస్తా కాగితం పైకీ కిందికీ చూసి, మారుమాట లేకుండా ముద్ర వేసి, రశీదు చింపి ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ ఒంగి కాలు గోక్కున్నాడు. అతని బల్ల కింద రెండు కాయిల్స్ కాలుతున్నాయి.