గైడు దొరకని డాక్టరేటు

మన జిల్లాల్లో ఎం.ఏ. రాజనీతిశాస్త్రం పూర్తిచేసి పరిశోధన వైపు చూస్తున్న ఏ విద్యార్థిని కదిపినా అర్హతల పట్టికను గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంటుంది. నాలుగేళ్ల డిగ్రీ చదివినవారైతే 75 శాతం మార్కులతో నేరుగా రావచ్చు. ప్రవేశ పరీక్ష దాటాలి, ఇంటర్వ్యూలో నిలబడాలి. ఇంతా చెప్పి చివర గొంతు తగ్గించి ఒక మాట చేరుస్తారు, ఇవన్నీ ఉన్నా పరిశోధనను పర్యవేక్షించే గైడు దొరకాలి కదా అని. నిబంధనల్లో ఎక్కడో మధ్యలో ఉన్న ఈ షరతు రాయలసీమలో అన్నిటికంటే ముందుకు వచ్చి కూర్చున్నా, దాన్ని గురించి విశ్వవిద్యాలయాలు గానీ ప్రభుత్వం గానీ నోరు విప్పడం లేదు.

పీహెచ్‌డీకి ఇప్పుడు అమలులో ఉన్నవి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరు 7న ప్రకటించిన నిబంధనలు. కోర్స్‌వర్క్‌తో, అంటే మొదట చదవవలసిన తరగతి పాఠాలతో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు గడువు ఉంటుంది. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్లు అదనంగా దొరుకుతాయి. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా తీసుకోవచ్చు. పెళ్లయి వేరే ఊరికి వెళ్లవలసి వచ్చిన పరిశోధకురాలు తాను సేకరించిన సమాచారాన్ని అక్కడి విశ్వవిద్యాలయానికి బదిలీ చేసుకోవచ్చు. డిగ్రీ తరువాత ఆడపిల్ల చదువు ఏ క్షణాన ఆగిపోతుందో తెలిసిన మన ఊళ్లకు ఈ ఒక్క వెసులుబాటు విలువ ఎంతో విడమరచి చెప్పనక్కరలేదు.

సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు పరిశోధన పత్రికల్లో వ్యాసం అచ్చు వేయించి తీరాలన్న 2016 నాటి షరతును కొత్త నిబంధనలు తీసివేశాయి. ప్రమాణాలు పడిపోతాయని కొందరు పెద్దలు అప్పుడు బాధపడ్డారు గానీ, మేము ఆ బాధలో పాలుపంచుకోలేము. డబ్బు కట్టించుకుని రెండు వారాల్లో వ్యాసం అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా మొలిచింది ఆ షరతు నీడలోనే. మంచి వ్యాసం రాసే స్కాలరుకు ఎవరూ అడ్డు చెప్పడం లేదు. బలవంతపు వ్యాసం వల్ల శాస్త్రానికి ఒరిగింది ఏమీ లేదు. దాని బదులు నిబంధనలు పరీక్షను లోపలికి తెచ్చాయి. స్కాలరు ప్రతి సెమిస్టరులో ఒకసారి పరిశోధక సలహా సంఘం ముందు కూర్చుని తన పని చూపించాలి. సమర్పణకు ముందు విభాగంలో అందరి ఎదుటా ప్రసంగించాలి. ఇతరుల వాక్యాలు ఎన్ని ఉన్నాయో సాఫ్ట్‌వేరు చూస్తుంది. 10 శాతం దాటితే దిద్దుకోమంటారు, 60 దాటితే నమోదే రద్దవుతుంది. ఆపైన గైడుతో పాటు బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు చదవాలి, బహిరంగంగా వైవా, అంటే మౌఖిక పరీక్ష, జరగాలి. కాగితం మీద దీన్ని తప్పుపట్టవలసిన అవసరం మాకు కనిపించడం లేదు.

అయితే ఈ ఏర్పాటు మొత్తం ఒక మనిషి మీద ఆధారపడి ఉంది. ఆ మనిషి ఎవరో కూడా నిబంధనలే చెప్పాయి. అతడు లేదా ఆమె శాశ్వత అధ్యాపకులై ఉండాలి, డాక్టరేటు ఉండాలి, ప్రొఫెసరు లేదా అసోసియేట్ ప్రొఫెసరైతే ఐదు, అసిస్టెంట్ ప్రొఫెసరైతే మూడు పరిశోధన వ్యాసాలు ప్రచురించి ఉండాలి. ప్రొఫెసరు ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మించి గైడుగా ఉండరాదు. పదవీ విరమణకు మూడేళ్లకు తక్కువ ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోరాదు. మూడు హోదాల్లో ఒక్కొక్కరు ఉన్న విభాగం పద్దెనిమిది మందిని చేర్చుకోగలదు. ప్రొఫెసరు విరమణకు రెండేళ్లు ఉండి, అసోసియేట్ పోస్టు ఖాళీగా ఉంటే అదే విభాగంలో కొత్తగా చేరగలిగేది అసిస్టెంట్ ప్రొఫెసరు దగ్గర మిగిలిన నాలుగు చోట్లలోనే; అవి ముందే నిండి ఉంటే ఆ ఏడాది ప్రవేశ ప్రకటనలో రాజనీతిశాస్త్రం ఎదుట సున్నా కనిపిస్తుంది. పరీక్ష రాసి గెలిచిన పిల్లవాడికి ఆ సున్నా ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పరు.

శాశ్వత అధ్యాపకులన్న మాట దగ్గరే మన రాష్ట్రం చిక్కుకుపోయింది. ఏళ్ల తరబడి నియామకాలు లేక, పాఠాలు చెప్పే భారం కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకుల భుజాల మీద పడింది. వారిలో చాలామందికి డాక్టరేటు ఉంది, వ్యాసాలు ఉన్నాయి, విద్యార్థులకు వారి మీద గురి కూడా ఉంది. గైడుగా సంతకం చేసే హక్కు మాత్రం లేదు. 2023లో రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి మూడు వేలకు పైగా అధ్యాపక పోస్టుల భర్తీకి ప్రకటనలు వెలువడినప్పుడు కలిగిన ఆశ కోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకుంది. స్కాలరుకు ఆరేళ్ల గడువు పెట్టిన వ్యవస్థ, గైడును నియమించడానికి తనకు తాను ఏ గడువూ పెట్టుకోలేదు. 1981లో విశ్వవిద్యాలయమైన అనంతపురం శ్రీకృష్ణదేవరాయ, 2006లో వచ్చిన కడప యోగి వేమన, 2008లో వచ్చిన కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం, వీటికి తోడు అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇన్ని పేర్లు బోర్డుల మీద ఉండగా సీమ విద్యార్థి గైడు కోసం హైదరాబాదుకో విశాఖకో బస్సెక్కవలసి రావడాన్ని ఏమనుకోవాలి?

ఇక ప్రవేశ ద్వారం సంగతి. 2024 నుంచి పీహెచ్‌డీ ప్రవేశానికి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) స్కోరునే వాడుకోవచ్చునని యూజీసీ నిర్ణయించింది. పరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. మూడు గంటల్లో 150 ప్రశ్నలు. అదే ఏడాది జూన్ 18న జరిగిన పరీక్షను మరునాడే రద్దుచేసి మళ్లీ నిర్వహించిన ఉదంతం అభ్యర్థులు ఇంకా మరచిపోలేదు. ఒకే పరీక్ష అన్నిటికీ చాలుతుందన్నది వినడానికి బాగానే ఉంది గానీ, భాషా సబ్జెక్టులు మినహా ఆ ప్రశ్నపత్రం ఇంగ్లిషులోనూ హిందీలోనూ మాత్రమే వస్తుంది. ఇంటర్ నుంచి తెలుగులోనే పౌరశాస్త్రం, రాజనీతిశాస్త్రం చదివి, సార్వభౌమాధికారం అంటే ఏమిటో పది పుటలు రాయగలిగిన గుత్తి విద్యార్థి, ఆ పరీక్షలో తన శాస్త్రజ్ఞానంతో పాటు మరో భాషలో వేగంగా చదివే నేర్పునూ చూపించాలి. అలాహాబాదు విద్యార్థికి ఆ రెండో బరువు లేదు. పాఠ్యప్రణాళిక తీరూ ఇలాంటిదే: భారతీయ రాజకీయ చింతన విభాగంలో కౌటిల్యుడు మొదలుకొని కబీరు దాకా ఉన్నారు, ఉండవలసినవారే, కడపలో ఒక విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన వేమనకు మాత్రం అందులో చోటు లేదు. విశ్వవిద్యాలయాలు సొంత ప్రవేశ పరీక్ష పెట్టుకోవడానికి 2022 నిబంధనలు అనుమతిస్తున్నాయి. సగం ప్రశ్నలు పరిశోధనా పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద ఉండాలని చెప్పాయే తప్ప ఏ భాషలో ఉండాలో శాసించలేదు. సొంత పరీక్ష జరిగే ప్రతిచోటా ప్రశ్నలు తెలుగులోనూ ఉండాలని మేము కోరుతున్నాము.

లోపలికి వెళ్లిన తరువాత 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్, అందులో పరిశోధన నైతికత ఒక పేపరు, 55 శాతం మార్కులు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో రాజనీతిశాస్త్ర డాక్టరేటుకు మామూలుగా రెండేళ్లు తరగతులే ఉంటాయి, ఆపైన సమగ్ర పరీక్షలు దాటి, పరిశోధన ప్రణాళికను సమర్థించుకున్నాకే అసలు రచన మొదలవుతుంది. మనకు అంత తీరిక లేదు సరే, ఉన్న ఆ కొద్ది కాలాన్ని ఎలా వాడుతున్నామన్నది ప్రశ్న. శాంపిల్ ఎంత ఉండాలి, ప్రశ్నావళి ఎలా తయారుచేయాలి అన్నంత వరకే పాఠం సాగితే, ప్రతి సిద్ధాంత గ్రంథమూ ఒకే అచ్చులో పోసినట్టు మూడు వందల మంది ఓటర్లను అడిగి శాతాలు తీసి ముగుస్తుంది. అడిగిన ఊరి పేరు మార్చితే గ్రంథం మారిపోతుందన్న ఎగతాళి స్కాలర్ల మధ్యనే వినిపిస్తుంటుంది.

విషయాలకు కరవున్న నేల కాదిది. 1928లో నంద్యాల సభ, నిజాం బ్రిటిషువారికి అప్పగించిన దత్తమండలానికి రాయలసీమ అని పేరు పెట్టుకోవడం నుంచి, 1937 నవంబరు 16న మద్రాసులో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక, 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు కర్నూలు రాజధానిగా ఉండడం, 1960లో కర్నూలు జిల్లా బిడ్డ దామోదరం సంజీవయ్య దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి కావడం, 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క స్థానం నంద్యాల కావడం, అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి భవనానికి వెళ్లడం దాకా ఒక్కొక్కటీ ఒక్కొక్క గ్రంథానికి సరిపోయే విషయం. ఫ్యాక్షన్ గురించి సినిమాలు చెప్పింది ఎక్కువ, పరిశోధకులు చెప్పింది తక్కువ. మహిళలకు సగం సీట్లు కేటాయించిన పంచాయతీల్లో సర్పంచి కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు, చెక్కు మీద సంతకం ఎవరి ఇష్టం మీద పడుతోంది అన్నది ఊరి రచ్చబండకు తెలుసు, గ్రంథాలయానికి తెలియదు. వీటిని పరిశోధించాలంటే మద్రాసు రాష్ట్రపు రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులోని ప్రాచీన పత్రాల భాండాగారంలో నెలలు గడపాలి, శాసనసభ చర్చల సంపుటాలు తిరగేయాలి, నోరు తెరవడానికి భయపడే మనుషుల ఇళ్లకు పదిసార్లు వెళ్లాలి.

ఇదంతా డబ్బుతో పని. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వచ్చినవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తరువాత రూ.42,000 అందుతున్నాయి; ఆలస్యమైనా ఆధారం ఉంటుంది. అది రానివారు ఏదో ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ, ఎన్నికల వేళ సర్వేలకు తిరుగుతూ, మిగిలిన పూట పరిశోధన చేస్తున్నారు. అలాంటి స్కాలరు ఎగ్మూరులో నెల రోజులు ఎలా ఉండగలడు? క్షేత్ర పర్యటనకు, రికార్డుల పరిశీలనకు ఫెలోషిప్ లేని ప్రతి స్కాలరుకూ కనీసం ఒక్కసారి ఖర్చు ఇచ్చే ఏర్పాటు విశ్వవిద్యాలయాల బడ్జెట్టులో పెద్ద అంకె కాబోదు.

ఇంత కష్టపడి సాధించే పట్టా ఎందుకన్న ప్రశ్నా ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసరు ఉద్యోగానికి డాక్టరేటు తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2023 జూలైలో వెనక్కి తీసుకుని, నెట్ లేదా రాష్ట్రస్థాయి అర్హత పరీక్ష సెట్ చాలునంది. ఉద్యోగం కోసమే రిజిస్టరు చేయించుకునే రద్దీ దీనితో కొంత తగ్గితే అది మంచిదే. నిజంగా పరిశోధించాలనుకునేవారికి ఆ చోటు దొరుకుతుంది, చోటంటూ ఉంటే.

నియామకాలు జరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మరో విభాగం నుంచి, మరో విశ్వవిద్యాలయం నుంచి సహ గైడును పెట్టుకోవడానికి 2022 నిబంధనలు దారి ఇచ్చాయి. అనంతపురం స్కాలరుకు కడప చరిత్ర విభాగం నుంచి, కర్నూలు స్కాలరుకు అనంతపురం గ్రామీణాభివృద్ధి విభాగం నుంచి సహ గైడు ఉంటే చోట్ల సంఖ్య పెరగకపోయినా, ఉన్న ఒక్క గైడు మీద బరువు తగ్గుతుంది, పరిశోధనకు రెండో చూపు తోడవుతుంది. సీమలోని విశ్వవిద్యాలయాల ఉపకులపతులు ఒక పూట కూర్చుంటే కుదిరే ఒప్పందమిది. గైడుల పేర్లు, ఒక్కొక్కరి కింద ఉన్న స్కాలర్లు, వారి అంశాలు, చేరిన తేదీలు వెబ్‌సైటులో పెట్టి ఏటా సవరించాలని కూడా అవే నిబంధనలు ఆదేశించాయి. వచ్చే ప్రవేశ ప్రకటనకు ముందే ఆ జాబితాతో పాటు ఏ పోస్టు ఏ సంవత్సరం నుంచి ఖాళీగా ఉందో కూడా ప్రతి విశ్వవిద్యాలయమూ ప్రకటించాలి.