ఆనందాల అరటిపండు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అరటిపండు గారికి,

రావులపాలెం మార్కెట్లో గెలగా వేలాడినన్నాళ్లూ మీకు ఏ డిగ్రీలూ లేవు. ఇప్పుడు వాట్సాప్ పుణ్యమా అని ఏకంగా సైకియాట్రిస్టు అయిపోయారు. మా పెద్దమ్మ పొద్దున్నే పంపే మెసేజీలో గులాబీ పక్కన మీ ఫొటో, కింద ఎర్రక్షరాలతో 'సెరటోనిన్ ఉంది, దిగులు పరార్'.

మూడ్‌తో ముడిపడిన ఆ రసాయనం మీలో ఉంది, కాదనను. కానీ రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న గోడ దాన్ని లోపలికి రానివ్వదు. మెదడు తనకు కావలసిన సెరటోనిన్‌ను ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంతో తానే తయారు చేసుకుంటుంది. మరి అందులో మీ ఆస్తెంత? 100 గ్రాముల గుజ్జుకి సుమారు 10 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు కావలసింది 240. ఆ లెక్కన దాదాపు రెండున్నర కిలోలు మింగాలి. తర్వాత వచ్చేది ఆనందమో ఆయాసమో మీరే చెప్పాలి.

ఇది చూసి, ట్రిప్టోఫాన్ మీకంటే ఎక్కువున్న కోడిగుడ్డు గారు ఎగరక్కర్లేదు. మెదడులోకి వెళ్లే ద్వారం దగ్గర లూసిన్, వేలిన్, టైరోసిన్ లాంటి వేరే అమైనో ఆమ్లాలు కూడా తోసుకుంటూ నిలబడతాయి. ప్రొటీన్ ఎక్కువ తింటే ఆ బలగమే ఎక్కువ పెరుగుతుంది, ట్రిప్టోఫాన్ సంతలో తప్పిపోయిన పిల్లాడవుతుంది. 1972లో ఫెర్న్‌స్ట్రామ్, వర్ట్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించింది ఇదే: ట్రిప్టోఫాన్ ఎంతుందన్నది కాదు, పోటీదారులతో పోలిస్తే ఎంతన్నదే లెక్క. ఉత్త పిండిపదార్థం తింటే ఇన్సులిన్ పెరిగి పోటీదారుల్ని కండరాల్లోకి పంపేస్తుంది, దారి ఖాళీ అవుతుంది. అంటే పాలు పోయని సగ్గుబియ్యం జావ మీకంటే నయమన్నమాట! (షుగరున్న మా బాబాయికి ఈ మాట చేరనివ్వకండి.) అందులో కాస్త ప్రొటీన్ కలిసినా లాభం చాలావరకు హుళక్కే.

డాక్టర్లు ఏం చేశారో కూడా మీ పేరున ఉన్న సామెత ప్రకారమే ఒలిచి చేతిలో పెడతాను. ట్రిప్టోఫాన్‌ను గ్రాముల లెక్కన సిరలోకి ఎక్కించి చూస్తే రక్తంలో ప్రొలాక్టిన్ హార్మోన్ పెరిగింది. లోపల సెరటోనిన్ కదిలిందనడానికి అదో ఆనవాలు. ఇంకో ప్రయోగంలో ట్రిప్టోఫాన్ ఒక్కటి తప్ప మిగతా అమైనో ఆమ్లాలు కలిపిన, నోట పెట్టలేని ద్రవం తాగించారు. గంటల్లోనే రక్తంలో ట్రిప్టోఫాన్ పడిపోయింది. అయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో చాలామందికి మూడ్ పెద్దగా మారనేలేదు. మందులతో డిప్రెషన్ నుంచి తేరుకున్నవాళ్లలో కొందరికి మాత్రం దిగులు తాత్కాలికంగా తిరగబెట్టింది. అలాంటివాళ్లకు మందు మాన్పించి మిమ్మల్ని తినిపించే సలహాదారులున్నారే, నా కోపమంతా వాళ్ల మీదే.

నిరాశపడకండి. మీ సెరటోనిన్‌కు గుర్తింపునిచ్చే చోటు ఒకటుంది, ల్యాబ్. కొన్ని రకాల ట్యూమర్ల అనుమానంతో 24 గంటల మూత్రం పట్టించే 5-హెచ్‌ఐఏఏ పరీక్షకు (సెరటోనిన్ విరిగాక మూత్రంలోకి వచ్చే పదార్థాన్ని కొలిచేది) ముందు, కొన్ని రోజులు అరటిపండు తినొద్దంటారు. తింటే రిపోర్టు తప్పుగా పెరిగి కనిపిస్తుంది. మెదడు గడప తొక్కలేని సరుకు ల్యాబువాళ్ల క్యానులో మాత్రం లెక్కకొస్తుంది. మీ బయోడేటాలో ఈ ఒక్క లైను చేర్చుకోండి.

ఇట్లు,
విరేచనం సాఫీగా అవడానికి మాత్రమే మిమ్మల్ని నమ్ముకున్న అభిమాని