తుపాకీ పర్మిట్‌కు దేశమంతా చెల్లుబాటు: అమెరికా సెనేట్‌లో తేలని లెక్క

2009 జులై 22న అమెరికా సెనేట్‌లో 58 మంది సరే అన్నారు, 39 మంది వద్దన్నారు. అయినా వద్దన్నవాళ్ల మాటే నెగ్గింది. ఒక రాష్ట్రం ఇచ్చిన కన్సీల్డ్ క్యారీ పర్మిట్‌ను, అంటే చేతి తుపాకీని బట్టల మాటున పెట్టుకుని బయట తిరిగే అనుమతిని, మిగతా రాష్ట్రాలూ గుర్తించాలంటూ రక్షణ బిల్లుకు తగిలించిన సవరణ అది. గట్టెక్కడానికి 60 ఓట్లు కావాలి. రెండు తగ్గాయి.

ఆ సవరణ తెచ్చిన సౌత్ డకోటా సెనేటర్ జాన్ థూన్ 2025 జనవరి నుంచి సెనేట్‌లో మెజారిటీ నాయకుడు. బిల్లు తన బల్ల మీదికి వస్తే సంతకం పెడతానని ట్రంప్ ఎన్నికల ప్రచారంలోనే మాటిచ్చారు. సుప్రీంకోర్టులో కన్జర్వేటివ్ న్యాయమూర్తులు ఆరుగురు. తుపాకీ హక్కుల వాళ్లకు ఇంతకన్నా మంచి రోజులు ఎప్పుడొస్తాయి అనిపిస్తుంది. నా అంచనా వేరు. ఈ చట్టం 2009లో ఎంత చేరువకు వచ్చిందో, ఇప్పుడు అంత దూరం జరిగింది.

ఇబ్బంది మాత్రం కల్పితం కాదు. 2013లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక తల్లిని న్యూజెర్సీలో ట్రాఫిక్ పోలీసులు ఆపారు. తన దగ్గర తుపాకీ ఉందని ఆమే చెప్పింది, పెన్సిల్వేనియా పర్మిట్ కూడా ఉందని చెప్పింది. అరెస్టు చేశారు. న్యూజెర్సీ ఏ ఇతర రాష్ట్రం పర్మిట్‌నూ లెక్కలోకి తీసుకోదు. నేరం రుజువైతే మూడేళ్లకు పైగా తప్పనిసరి జైలు. 2014లో ఇలాంటి కేసుల మీద ప్రాసిక్యూటర్లకు రాష్ట్ర ప్రభుత్వం మార్గదర్శకాలు మార్చాకే ఆమెకు జైలు తప్పింది, 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టారు. ఇంటి దగ్గర హక్కు, డెలావేర్ నది దాటగానే నేరం. ఇది అన్యాయం కాదని వాదించడం కష్టం.

మనవాళ్లకూ ఇది పరాయి సంగతేమీ కాదు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారు వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప తుపాకీ ఉంచుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. గ్రీన్‌కార్డు, పౌరసత్వం వచ్చినవాళ్ల దారి వేరు. డాలస్‌లో స్థిరపడ్డ ఒక తెలుగాయనకు 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో పర్మిటే అక్కర్లేదు. అదే మనిషి అలవాటు చొప్పున నడుముకు తుపాకీతో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో చుట్టాలింటికి కారులో వెళ్తే చిక్కులో పడతాడు. 1986 నాటి ఫెడరల్ చట్టం దారి మధ్యలో కొంత రక్షణ ఇస్తుంది కానీ షరతులున్నాయి: తూటాలు తీసేసి, చేతికందని చోట ఉంచాలి, పైగా బయల్దేరిన చోటే కాదు, చేరే చోట కూడా ఆ తుపాకీ ఉంచుకోవడం చట్టబద్ధమై ఉండాలి. న్యూజెర్సీ మీదుగా దాటిపోయేవాడికి అది పనికొస్తుంది, అక్కడే దిగేవాడికి కాదు.

ఈ చిక్కుముడి విప్పుతామంటూ నార్త్ కరోలినా రిపబ్లికన్ రిచర్డ్ హడ్సన్ మళ్లీ మళ్లీ తెస్తున్న బిల్లే హెచ్.ఆర్. 38. 2017 డిసెంబరు 6న ప్రతినిధుల సభలో 231-198తో గట్టెక్కి, సెనేట్‌లో అటకెక్కింది. 2025 మార్చిలో సభా న్యాయ వ్యవహారాల కమిటీ మళ్లీ ముందుకు పంపింది. దీన్ని పర్మిట్ల పరస్పర గుర్తింపు అనడం సగం నిజమే. సొంత రాష్ట్రంలో పర్మిట్ లేకుండా తుపాకీ పెట్టుకుని తిరగొచ్చంటే చాలు, ఫొటో గుర్తింపు కార్డుతో మిగతా రాష్ట్రాల్లోనూ తిరగవచ్చని బిల్లు చెబుతోంది. పర్మిట్ అవసరం ఎత్తేసిన రాష్ట్రాలు 2024 నాటికే 29. న్యూయార్క్ నివాసి పర్మిట్ కోసం 16 గంటల క్లాసు, 2 గంటల కాల్పుల శిక్షణ పూర్తి చేయాలి. ఏ శిక్షణా లేని టెక్సాస్ నివాసి డ్రైవింగ్ లైసెన్సు జేబులో వేసుకుని అదే వీధిలో అదే హక్కుతో నడుస్తాడు. అప్పుడు న్యూయార్క్ శాసనసభ చేసిన నిబంధన కట్టుబడేది న్యూయార్క్ వాళ్లకే. నాకు ఈ బిల్లులో మింగుడుపడనిది ఇదే.

డ్రైవింగ్ లైసెన్సు దేశమంతా చెల్లుతుంది కదా, తుపాకీ లైసెన్సు ఎందుకు చెల్లదు అని బిల్లు మద్దతుదారులు అడుగుతారు. వినసొంపైన ప్రశ్నే. కానీ డ్రైవింగ్ లైసెన్సులు చెల్లుతున్నది కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఆజ్ఞతో కాదు, రాష్ట్రాలు తమంతట తాము ఒకదాన్నొకటి ఒప్పుకోవడం వల్ల. పరీక్ష లేకుండా లైసెన్సిచ్చే రాష్ట్రం లేదు గనుక ఆ ఒప్పుకోలు కుదిరింది. (మన దగ్గర ఈ పేచీ పుట్టనే పుట్టదు. ఆయుధాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో ఉన్నాయి, లైసెన్సు ఎంత మేర చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది, ఎన్నికల కోడ్ వచ్చిందంటే తుపాకీ తెచ్చి స్టేషన్‌లో అప్పగించమని చాలామంది లైసెన్సుదారులకు ఆదేశాలొస్తాయి.)

ఇక అసలు లెక్క. 2009లో సవరణకు ఓటేసిన 58 మందిలో 20 మంది డెమోక్రాట్లు. అప్పటి మెజారిటీ నాయకుడు హ్యారీ రీడ్ కూడా వారిలో ఒకరు. శాండీ హుక్ స్కూలు కాల్పుల తర్వాత, 2013 ఏప్రిల్‌లో టెక్సాస్ సెనేటర్ జాన్ కార్నిన్ అలాంటి సవరణే తెస్తే 57-43 వచ్చింది. డెమోక్రాట్ల ఓట్లు 13కు పడిపోయాయి. 2009లో అవునన్న డెమోక్రాట్లలో సగం మంది ఎక్కడివాళ్లో చూడండి. ఆర్కాన్సా, నెబ్రాస్కా, లూసియానా, అలాస్కా, రెండు డకోటాలు, మోంటానా. వేట సీజన్ వస్తే ఊరు ఊరంతా అడవిలో ఉండే చోట్లు. ఈ రాష్ట్రాల సెనేట్ సీట్లన్నీ ఇప్పుడు రిపబ్లికన్లవే. 2024 నవంబరులో మోంటానాలో జాన్ టెస్టర్ ఓడిపోవడంతో ఆఖరిదీ పోయింది.

రిపబ్లికన్లకు ఇది విజయం లాగే కనిపిస్తుంది, ఈ బిల్లు వరకూ మాత్రం అదే నష్టం. వాళ్ల బలం 53కు పెరిగింది. కానీ వాళ్ల వైపు ఓటేయగల పల్లెటూరి డెమోక్రాట్ అనే జాతే దాదాపు అంతరించింది. మిగిలిన డెమోక్రాట్లలో ఏడుగురిని ఎక్కడి నుంచి తెస్తారు? 2009లోనూ 2013లోనూ అవునన్న వర్జీనియా సెనేటర్ మార్క్ వార్నర్ ఇంకా సభలో ఉన్నారు. ఆయన ఇప్పుడు కూడా అదే ఓటు వేస్తారని పందెం కాసేవాళ్లు తక్కువ.

అడ్డదారి లేదా అంటే, 60 ఓట్ల అవసరం లేని బడ్జెట్ బిల్లులో ఇరికించడం ఒకటి. 2025లో తుపాకీ సైలెన్సర్ల మీద ఆంక్షల్ని అలాగే ఎత్తేయాలని చూశారు. బడ్జెట్‌తో సంబంధం లేని భాగాన్ని సెనేట్ నిబంధనల అధికారి కొట్టేశారు. వాటి మీది 200 డాలర్ల పన్నును సున్నా చేయడం మాత్రమే మిగిలింది. పర్మిట్ల గుర్తింపులో ఆ పాటి పన్ను కూడా లేదు. రెండోది ఫిలిబస్టర్‌నే, అంటే 60 ఓట్లు లేనిదే బిల్లును కదలనివ్వని ఆనవాయితీనే, రద్దు చేయడం. ట్రంప్ కోరుతున్నా ససేమిరా అంటున్న నాయకుడు మరెవరో కాదు, థూనే.

సంప్రదాయవాద న్యాయవాదుల్లో కొందరికి ఉన్న మరో భయాన్ని తీసిపారేయలేం. ఎప్పుడో రాష్ట్రం దాటి వచ్చిన తుపాకీ గనుక అది అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి వస్తుంది, కాబట్టి కాంగ్రెస్‌కు అధికారం ఉందన్నది బిల్లు ఆధారం. 1995లో లోపెజ్ కేసులో స్కూళ్ల దగ్గర తుపాకుల నిషేధాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది కాంగ్రెస్ వాణిజ్య అధికారానికి హద్దు ఉందంటూనే. ఈ రోజు ఆ అధికారాన్ని ఒప్పుకుంటే రేపు డెమోక్రాటిక్ కాంగ్రెస్ న్యూయార్క్ తరహా 18 గంటల శిక్షణను టెక్సాస్‌కూ తప్పనిసరి చేయవచ్చు.

అందుకే కదలిక ఏదైనా ఉంటే కోర్టుల్లోనే. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు, పర్మిట్ కావాలంటే ‘తగిన కారణం చూపించు’ అన్న న్యూయార్క్ నిబంధనను 6-3తో కొట్టేసింది. అయితే న్యాయమూర్తి కావనా అందులోనే విడిగా రాస్తూ, వేలిముద్రలు, నేపథ్య తనిఖీ, శిక్షణ అడిగే లైసెన్సు విధానాలకు ఢోకా లేదన్నారు. 2025 మార్చిలో న్యూహాంప్‌షైర్ నివాసుల కేసుల్లో మసాచుసెట్స్ అత్యున్నత కోర్టు ఆ దారిలోనే నడిచింది: బయటి రాష్ట్రం వారికి లైసెన్సు ఇచ్చే తీరు అధికారుల ఇష్టారాజ్యం కాకూడదు, లైసెన్సు తీసుకోమనడం మాత్రం రాజ్యాంగ విరుద్ధం కాదు. న్యూయార్క్ నగరం 2024లో బయటివారి దరఖాస్తులకు తలుపు తెరిచింది. కాలిఫోర్నియా కూడా కోర్టు ఒత్తిడితో అటే కదిలింది. ఇది సాగితే ప్రయాణికుడికి దక్కేది దేశమంతా చెల్లే ఒక్క కార్డు కాదు. వెళ్లే ప్రతి రాష్ట్రంలో దరఖాస్తు, ఫీజు, వేలిముద్రలు, నెలల తరబడి ఎదురుచూపు, ఆపైన అక్కడి శిక్షణ.